నీ చేతి నీళ్ళు తాగను

నరసరావుపేటలో ఒక పేగుల ఆసుపత్రి, మేడ మీద గది. గురువారం పొద్దున. మంచం మీద గోడవైపు తిరిగి చెన్నమ్మ, ఎదురుగా స్టూలు మీద ఆమె కోడలు శ్రీదేవి. కోడలి చేతిలో గ్లాసు, పక్కన నిండు జగ్గు, ఒళ్ళంతా కోపం.

"తాగనంటే తాగను. నీ చేత్తో కలిపింది చుక్క కూడా నా గొంతు దిగదు."

"నేను కలపలా అత్తా. నర్సు హిమజ నీ కళ్ళముందే ప్యాకెట్టు చించింది, నీ కళ్ళముందే జగ్గులో పోసింది."

"పోసింది ఆ పిల్ల. ఫిల్టరు కాడికి పోయి నీళ్ళు నింపుకొచ్చింది నువ్వు. గుమ్మం అవతల ఏం చేశావో ఎవరు చూశారు?"

"ఏం చేస్తానే గుమ్మం అవతల?"

"మందు పెట్టేదానికి గుమ్మం అవతలైతే ఏంది, ఇవతలైతే ఏంది? ఉలవచారులో పెట్టినదానివి, నీళ్ళలో పెట్టటం ఒక లెక్కా?"

"మళ్ళీ ఉలవచారు."

"మళ్ళీ అదే. చచ్చేదాకా అదే అంటా. గిన్నె నువ్వు పంపావు, నేను తిన్నా, ఆ వారంలోనే మొదలైంది. నొప్పి లేదు, మంట లేదు, దొడ్డికి కూచుంటే నెత్తురు. మిరపకోతకి పోతే పదిమందికి ముందు సాలు నాదే ఉండేది. ఇప్పుడు చూడు, సున్నం బట్టీ గోడలాగా తెల్లగా పాలిపోయా."

"ఆ గిన్నెలోదే నీ కొడుకు తిన్నాడు, నేను తిన్నా, పిల్లోడు తిన్నాడు. మాకేం కాలేదే?"

"నీ మొగుడికి అదెందుకు పెడతావ్? వాడికి వేరే రకం పెట్టావు. అందుకేగా కూచోమంటే కూచుంటాడు, లెగమంటే లెగుస్తాడు."

"మల్లికార్జున కూచుంటాడా! లారీ దిగి ఇంటికాడ ఎప్పుడు కూచున్నాడమ్మా నీ కొడుకు? ఇయ్యాల కూడా నాపరాళ్ళ లోడు ఎక్కించుకోని పోయాడు, అమ్మని ఆసుపత్రిలో నా నెత్తిన పడేసి. ఇదిగో, మొదటి గ్లాసు. పట్టుకో."

"తీసెయ్యి."

"పట్టుకో అత్తా. గుంటూరు నుంచి పెద్ద డాక్టరు గురువారం ఒక్కపూటే వస్తాడు. పోయిన గురువారం ఏం చేశావో గుర్తుందా?"

"ఏం చేశా?"

"ఏం చేశావా! తాగుతున్నా తాగుతున్నా అని జగ్గంతా బాత్రూంలో పారబోశావు. డాక్టరు కెమెరా పెడితే లోపలంతా మురికి. నన్ను పిలిచి, ‘ఏమ్మా, మీ అత్తగారికి ఇట్లాగేనా తాగించేది’ అని అందరి ముందూ గడ్డి పెట్టాడు. నువ్వు చేసినదానికి నేను తలకాయ దించుకున్నా."

"దించుకో. నీవల్ల నా కొడుకు ఊళ్ళో దించుకోవట్లా?"

"నావల్లా? నావల్లనా?"

"అరవమాక. పక్కగదిలో మనుషులున్నారు."

"ఉండనీ. ఊరంతా విన్నాక పక్కగది ఎంత?"

"శ్రీదేవిగారూ, ఏంటండీ ఈ కేకలు? పెద్దమ్మా, ఎన్ని గ్లాసులు అయ్యాయి?"

"తాగుతున్నా తల్లీ. కడుపంతా నిండిపోయింది."

"అబద్ధం హిమజ సిస్టరూ. పెదవి కూడా తడవలా. జగ్గు చూడు, పోసింది పోసినట్టే ఉంది."

"పెద్దమ్మా! పోయినవారం లాగా చేస్తే ఈసారి సార్ చూడరు, నేను ముందే చెప్తున్నా. పేగు అద్దంలా ఉండాలి. మీకు పెద్దపేగు కుడివైపు గోడ మీద సన్నసన్న రక్తనాళాలు గుత్తిగా పుట్టాయి. ముట్టుకుంటే చిట్లేంత పల్చన. వయసు మీద పడ్డాక కొందరికి అట్లా వస్తాయి. ఆ మురికిలో ఒక్క గుత్తే సార్ కంట పడింది. పేగు శుభ్రంగా ఉంటే అన్నీ వెతికి, ఆ గొట్టంలో నుంచే మాడ్చేస్తారు. కోత లేదు, కుట్టు లేదు."

"చూశావా, చూశావా! ఆ పిల్లే చెప్తంది. పేగు గోడకి ఏదో పుట్టిందంట. ఏంది పుట్టేది? పెట్టుడు మందు కాకపోతే ఏంది? మందు కక్కించే పసరు తాత కూడా అదే చెప్పాడు, పేగుకి కరుచుకోని వేళ్ళు పోసిందని."

"వేళ్ళు కాదు పెద్దమ్మా, అవి మీ రక్తనాళాలే. మీ ఒంటివే."

"నా ఒంటివి నన్నెందుకు తింటయ్?"

"అయ్యో రామా. నాకు కింద పేషెంట్లున్నారు. శ్రీదేవిగారూ, సార్ వచ్చేలోపు మొదలన్నా పెట్టించండి. మొన్న ఎక్కించిన రక్తం కూడా నిలవలేదు, హిమోగ్లోబిన్ మళ్ళీ అయిదుకి దిగింది. ఇంకోసారి ధారగా పోయిందంటే మీ ఊరి నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఆగదు."

"విన్నావా అత్తా? విన్నావా?"

"విన్నాలే. చెవుడేం లేదు."

"విని?"

"విని ఏంది? పోయేదాన్ని పోనియ్యి. నీకు పీడా వదులుద్ది."

"పోనిస్తే ఇన్ని గుమ్మాలు ఎందుకు ఎక్కాను? మొలలన్నాడు ఒకడు, తీసుకుపోయా. దారం కట్టాడు. ఆగిందా? కారం మానెయ్యమన్నాడు ఇంకొకడు. మిరపకాయల ఊళ్ళో పుట్టి ఆర్నెల్లు చప్పిడి పెరుగన్నం తిన్నావు. ఆగిందా? ఇంకో ఆయన నోట్లో నుంచి గొట్టం వేసి, పొట్టలో ఏం లేదు, పెద్దపేగు చూపించుకోండి అన్నాడు. ఆ ముక్క చెప్పింది ఆయనొక్కడే. ఇక్కడికి వద్దామంటే నువ్వేం చేశావు? నేను బడిలో వంటకి పోయింది చూసి, నీ కూతుర్ని తోడు పెట్టుకోని పసరు తాత కాడికి పోయావు."

"పోతే? ఆయన తీసి చూపిచ్చాడుగా! నోటికాడ గొట్టం పెట్టి పీల్చి, ఆకులో ఉమ్మి చూపిచ్చాడు. నల్లగా, వెంట్రుకలు చుట్టుకోని, ఇంత ఉండ. నా కళ్ళతో చూశా. సగమే వచ్చింది, సగం పేగుకి ఉందన్నాడు."

"ఆ ఉండ వాడి బుగ్గలోనే ఉంది. పొద్దస్తమానం కిళ్ళీ నమిలే మనిషి, బుగ్గలో ఏం దాచుకున్నాడో ఎవరికి తెలుసుద్ది?"

"నోరు ముయ్యి. పాపం వచ్చుద్ది."

"వాడిచ్చిన పసరు తాగిన మర్నాడేగా నువ్వు దొడ్లో పడిపోయింది. నెత్తుటి మడుగు. ఎత్తుకొచ్చింది ఎవరు?"

"నువ్వే."

"కడిగింది ఎవరు?"

"నువ్వే. కడిగితే? చేసినోళ్ళే కడగాల."

"నీ నోట్లో నా..."

"అను. అనెయ్యి. అత్తని అన్నావని కూడా చెప్పుకుంటా."

"చెప్పుకో. ఇప్పటిదాకా చెప్పుకున్నది తక్కువా? పుట్టుకతో మేనకోడల్ని నేను. నీ తమ్ముడి కూతుర్ని. ఏరికోరి నువ్వే తెచ్చుకున్నావు, బయటి పిల్లొద్దు, మా రామాంజనేయులు కూతురే కావాలని."

"అందుకే ఇంత మండుద్ది. బయటి పిల్ల పెట్టుంటే ఇంత మండేది కాదు."

"నేను పెట్టలా!"

"పెట్టకపోతే ఇయ్యాల ఇంత ఆరాటం ఎందుకో? నన్ను బతికించటానికా? ఓహోహో! నాకు తెలవదనుకున్నావా? సోమవారం బడికాడ పిల్లకాయల తల్లులు కూచుంటారంట. హెడ్మాస్టరు పిలిచాడంట. కెమెరా బొమ్మ ఫోన్లో వేసుకుపోయి, ఇదిగో చూడండి మందూ లేదు మాకూ లేదు అని చూపిచ్చుకోవాల. నీ వంట పని నీకు రావాల. దానికే నన్ను ఈడ్చుకొచ్చావు."

"అవును."

"ఏంది?"

"అవును అంటన్నా. దానికే తెచ్చా. దాచానా నీకాడ? నీ మొహం చూసి ప్రేమ పొంగిపోయి తేలా. నా పేరు కోసం తెచ్చా. ఆ బడిలో ఎన్నాళ్ళ నుంచి వండుతున్నా నేను! మల్లిగాడి పెళ్ళామని ఎవరూ పిలవరు నన్ను, అన్నం అత్తా అని పిలుస్తారు పిల్లకాయలు. నువ్వు బోరింగు కాడ నోరు పారేసుకున్నావు, మర్నాటి నుంచి ఒక్కో తల్లీ క్యారేజీ కట్టి పంపటం మొదలుపెట్టింది. గుడ్లు ఉడకబెట్టి పెంకు తియ్యకుండా చేతికిచ్చినా ముట్టుకోలా. పెంకు లోపల కూడా మందు పెడతానంట నేను!"

"పెంకు సంగతి నేను అన్లా."

"నువ్వు అన్నదానికి వాళ్ళు తోకలు కట్టారు. ‘కొన్నాళ్ళు ఇంటికాడ ఉండమ్మా’ అన్నాడు హెడ్మాస్టరు. అది పోనీ. మొన్న నా కొడుకు కంచం ముందు కూచోని ఏమన్నాడో తెలుసా? ‘అమ్మా, నువ్వు ముందు ఒక ముద్ద తిను’ అన్నాడు. నా కడుపున పుట్టినోడు! ఎవరు నేర్పారు వాడికి?"

"ఈ దిండు సరిగ్గా పెట్టు."

"ఎవరు నేర్పారంటన్నా."

"పిల్లోడు. ఏదో అంటాడు."

"ఏదో అన్లా. నాయనమ్మ చెప్పిందన్నాడు."

"ఫ్యాను తగ్గియ్యి. చలేస్తంది."

"ఫ్యాను ఆపే ఉంది. ఒంట్లో నెత్తురు లేక చలేస్తంది నీకు. సరే. నేను ముందు తాగుతా. చూడు. నా వంక చూడు, మళ్ళీ చూడలా అనమాక. ... థూ. ఉప్పూ నిమ్మకాయా కలిపినట్టుంది. అయిపోయింది, అడుగుకంటా తాగా. చచ్చానా?"

"నువ్వెందుకు చస్తావ్? విరుగుడు ముందే మింగి వచ్చుంటావ్."

"దేవుడా! విరుగుడు మింగితే ఇంకాసేపట్లో నేను బాత్రూంకి ఎందుకు ఉరకతానే? ఉన్నది ఒక్క బాత్రూమే. ఇద్దరం అక్కడే కొట్టుకు చావాల."

"నువ్వు పో. నాకు అవసరం లేదు, నేను తాగను."

"అత్తా, ఒక్కటడుగుతా. నిజం చెప్పు. నీ కడుపులో పెట్టుడు మందు ఉందని నీకు నిజంగా నమ్మకమేనా?"

"నమ్మకం కాకపోతే?"

"నమ్మకమైతే ఈ జగ్గు నా చేతిలోది లాక్కోని తాగేదానివే. కడుపంతా కడిగేసే నీళ్ళు ఇవి. మందుంటే కొట్టుకుపోద్ది. పోకపోతే కెమెరాలో కనపడుద్ది. ఇదిగో నా కోడలు పెట్టిందని ఆ బొమ్మ నువ్వే చూపిచ్చుకోవచ్చు. మరి ఎందుకు తాగవు?"

"వాసనొస్తంది."

"ఉప్పు వాసనా?"

"ఆ గ్లాసు నీ ఎంగిలిది."

"ఇదిగో ఇంకో గ్లాసు. కడిగింది. ఇప్పుడు చెప్పు."

"కిటికీ తియ్యి."

"తీసే ఉంది. ఇటు చూడు అత్తా. కెమెరాకి భయమా నీకు? గొట్టానికి భయమా?"

"నాకేం భయం? నలుగుర్ని కన్నా, ఇద్దర్ని పూడ్చా. గొట్టానికి భయమంట."

"మరి దేనికి?"

"దేనికీ లేదు."

"దేనికే అత్తా?"

"చూసి ఏం లేదంటేనో! చాలా? విన్నావా? ‘చెన్నమ్మా, ఇది నీ ఒంట్లోదే, నీ వయసుదే’ అంటేనో? అప్పుడు నేనేం కావాల? బోరింగు కాడ నిన్ను తిట్టా. రామాలయం కాడ తిట్టా. మీ పుట్టింటికి పోయి వాకిట్లో దుమ్మెత్తి పోశా, నా తమ్ముడి మొహాన. వాడు తిరిగి ఒక్క మాట అన్లా. అంతమంది ఆడోళ్ళు చూస్తంటే కండవా అడ్డం పెట్టుకోని ఏడ్చాడు. ఇప్పుడు పోయి, ఉత్తదేరా తమ్ముడా, మా డాక్టరు చెప్పాడు అనాలా? ఏం మొహం పెట్టుకోని అనాల? ఏ మొహంతో ఆ ఊళ్ళో తిరగాల? దానికంటే ఇట్టా పోవటమే మేలు. నొప్పి కూడా లేదు. నిద్రొచ్చినట్టు ఉంటది."

"అంటే నీకు తెలుసు."

"నాకేం తెలవదు."

"తెలుసు! మందు లేదని నీకు తెలుసు!"

"తెలవదన్నాగా! కొన్ని రోజులు లేదనిపిస్తది, కొన్ని రోజులు ఉందనిపిస్తది. నువ్వు ఎదురుగా కూచోని ఇట్టా కళ్ళెర్రజేస్తే ఉందనే అనిపిస్తది."

"నిన్ను... నిన్నేమన్నా పాపం లేదు. నా వంట తీశావు, నా కొడుకు చేత నన్నే ముందు ముద్ద తినమనిపించావు, మా నాన్నని ఏడిపించావు. మొహం చెల్లదని ఇప్పుడు చచ్చి నా మీద పడతావా?"

"ఫోను మోగుతంది. ఇటియ్యి."

"నేనియ్యను. నీ పక్కనే ఉంది, తీసుకో."

"హలో. ఆఁ, అనూషా. ... లేదమ్మాయ్, తాగలా. ... ఇక్కడే ఉంది, నన్ను తినేసేట్టు చూస్తంది. ... ఆఁ. ... నువ్వు చెప్పినట్టే, దాని చేతిది ముట్టనులే. ... సరే. సరే అమ్మాయ్. ఉంటా మరి."

"ఏమంటది నీ కూతురు?"

"నీ చేతిది తాగొద్దంటది. కన్నతల్లి మీద ఆమాత్రం బాధుండదా?"

"మాచర్లలో కూచోని పడతంది బాధ. వచ్చి తన చేత్తో తాగించొచ్చుగా. ఆమె చేతిదైతే గటగటా తాగుతావుగా."

"దానికి కుదరలా."

"శ్రీదేవిగారూ! సార్ వచ్చేశారు, కారు దిగుతున్నారు. పెద్దమ్మ పేరు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"ఉంచు సిస్టరూ. ఉంచు. అందరికంటే చివర పెట్టు."

"చివరే పెడతా. ఇప్పుడు మొదలుపెట్టి ఆపకుండా తాగితేనే ఆ టైముకి పేగు తేటపడుతుంది. లేదంటే నేనేం చెయ్యలేనండీ, తలుపేసి వెళ్తున్నా."

"విన్నావుగా అత్తా."

"విన్నా."

"తాగవు."

"తాగను."

"సరే అయితే. విను. పెట్టాను."

"ఏంది?"

"మందు. పెట్టుడు మందు. నీకు నేనే పెట్టాను."

"ఏందే నువ్వనేది?"

"తెలుగేగా మాట్లాడతన్నా. ఉలవచారులో కలిపి పంపా. నువ్వు తిన్నావు."

"మళ్ళీ చెప్పు."

"నేనే పెట్టాను."

"గట్టిగా చెప్పు. నాకు సరిగ్గా వినపళ్ళా."

"చెవుడు లేదంటివిగా ఇందాక? అత్త చెన్నమ్మకి కోడలు శ్రీదేవి మందు పెట్టింది. పెట్టింది, పెట్టింది, పెట్టింది. చాలా?"

"ఎందుకు పెట్టావు?"

"నీ నోటికి భయపడి పెట్టా. నా మాట వింటావని పెట్టా. వికటించింది."

"ఒట్టెయ్యి. కోటయ్యసామి మీద ఒట్టెయ్యి."

"కోటయ్యసామి మీద ఒట్టు. ఆయనకి నేను తర్వాత చెప్పుకుంటాలే."

"అనూషా! విన్నావా అమ్మాయ్? ... విన్నావుగా! దాని నోటితోనే, ఒట్టేసి మరీ! నేను పిచ్చిదాన్నన్నారు, అత్త ఆడిపోసుకుంటందన్నారు. ఇప్పుడేమంటారు? మీ మామయ్యకి నువ్వే ఫోన్ చేసి చెప్పు, కూతురు చేసిన ఘనకార్యం. సోమవారం బడికాడ తల్లులందరి ముందూ చెప్పాల, నువ్వొచ్చి చెప్పాల. ... ఆఁ. ... తాగుతాలే. ఇంకేముంది, ఒప్పుకుందిగా. తాగి, ఆ డాక్టరు చేత తీయిచ్చుకుంటా. ... సరే, పెట్టెయ్యి."

"కట్టయిందా?"

"అయింది."

"సరిగ్గా చూడు. ఇందాక కూడా అయిందనే దిండు పక్కన పెట్టావు."

"ఇందాక..."

"ఎర్ర గుర్తు నొక్కకుండా పెట్టావు. ఫోను లైటు వెలుగుతానే ఉంది. మాచర్లలో అనూష దగ్గింది కూడా నాకు వినపడింది."

"తెలిసే... అది వింటందని తెలిసే చెప్పావా?"

"ఆమె వింటేనే నువ్వు నమ్ముతావు. ఆమె చెబితేనే ఊరు నమ్ముద్ది."

"బడి వంట పోద్దే శ్రీదేవీ."

"పోద్ది."

"మీ నాన్న..."

"ఏడుస్తాడు. ఏడవనీ, నేను చెప్పుకుంటా."

"నేనంటే గిట్టదుగా నీకు! పేరు కోసమే తెచ్చానంటివి, ఇప్పుడు ఆ పేరే తీసుకుపోయి బురదలో పడేస్తివి. ఎందుకే?"

"నువ్వు చస్తే మందు పెట్టి చంపిందంటారు. బతికితే మందు పెట్టిందంటారు, అంతే. నాకు రెండోదే చాలు. నీకింక ఊళ్ళో మొహం చెల్లుద్ది, తలెత్తుకోని తిరుగు. గెలిచావు గదత్తా, ఇంక చావటం ఎందుకు? పట్టు, తాగు."